పట్టికలో తప్పిపోయిన యిండ్లు

గ్రామపంచాయతీకి గల స్వంత ఆదాయమార్గములలో ఇంటిపన్ను ముఖ్యమైనది. ఏ వీధిలో ఏ యింటికి ఎంత పన్ను విధింపబడినది, అందులో ఎంత వసూలైనది, ఎంత బకాయి యున్నది అను వివరములను లావుపాటి అట్టల పుస్తకములలో వ్రాసి బీరువాలో దాచుకొను రోజులు చాలవరకు గడచిపోయినవి. 2019 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామసచివాలయములు ప్రారంభమైనపుడు డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగము క్రొత్తగా ఏర్పడినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన పంచాయతీల ప్రణాళికలకును, జమాఖర్చులకును కేంద్రప్రభుత్వము ఈ-గ్రామస్వరాజ్ అను వేదికను ప్రారంభించినది. ఇవి పెద్ద యేర్పాట్లు. వీటితోబాటు, గ్రామసభలో చదివి వినిపించుటకో, కుళాయిల లెక్క చూచుకొనుటకో, బకాయిల వసూలునకో కార్యాలయపు కంప్యూటరులోనే చిన్న చిన్న పట్టికలు తయారుచేసికొనుట గూడ కలదు. ఈ వ్యాసము అట్టి చిన్న పట్టికలను గూర్చియు, వానిలోనికి జాబితాలను చేర్చునపుడు కలుగు చిక్కులను గూర్చియు వ్రాయబడినది. ఈ వ్యాసకర్త కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కాడు. కాని తెలిసినవారి ప్రక్కన కూర్చుండి, జరిగినదానిని కన్నులార చూచినవాడు.

నర్సీపట్నమునుండి గొలుగొండ పోవు దారిలో ఒక గ్రామపంచాయతీ కార్యాలయమునకు ఆ మధ్య పనిమీద పోవుట తటస్థించినది. ఊరి పేరుతో మనకు పనిలేదు. ఆ ఉదయము ఇంటిపన్ను కట్టుటకు వచ్చినవారిలో ఒక వృద్ధురాలు కలదు. ఆమెది ప్రధాన గ్రామము కాదు. చెరువునకు ఆవలనున్న శివారు పల్లె. కార్యదర్శి క్రొత్తగా అచ్చువేసిన పన్ను జాబితాను రెండుసార్లు తిరుగవేసి, ఆమె పేరు కనబడలేదనెను.

“ఏటి బాబూ, నా ఇల్లు నేదంటారేటి? నిరుడు పన్ను కట్టి చీటీ తీసుకున్నాను కాదా?” అని ఆమె కొంగుముడి విప్పి పాత రసీదును బల్లమీద పెట్టినది.

“కంగారుపడకు మామ్మా, ఇల్లెక్కడికి పోతుంది? జాబితాలో ఎక్కలేదంతే, చూస్తాను” అని కార్యదర్శి ఆమెను కూర్చుండబెట్టెను.

ఇంటిపన్ను రసీదు హక్కుపత్రము కాదు. ఆ సంగతి పంచాయతీ సభ్యులకు తెలిసినదే. కాని పేదయింట పెట్టెలో ఉండు కాగితములు రెండో మూడో; అందులో ఈ రసీదు ఒకటి. తాను ఫలానా యింట ఇన్నేండ్లుగా ఉన్నానని చూపుటకు ఆమెకు ఇదియే ఆధారము. ఒక సంవత్సరము రసీదు లేకపోయిన ఆ వరుస తెగిపోవును. పంచాయతీకి వచ్చు నష్టము కొద్ది రూపాయలైనను, ఆమెకు వచ్చు నష్టము అంతకన్న చాల పెద్దది.

పాత జాబితా ఒక టెక్స్టు ఫైలుగా కార్యాలయములో నున్నది. దానినుండి మైక్రోసాఫ్టు యాక్సెస్ అను డేటాబేసులోనికి వివరములను ఎక్కించి, అచ్చట నుండి క్రొత్త జాబితాను అచ్చువేసియుండిరి. టెక్స్టు ఫైలులో, శీర్షిక వరుస పోగా, 641 ఇండ్లు కలవు. డేటాబేసు పట్టికలో 618 మాత్రమే కలవు. 23 ఇండ్లు దారిలో తప్పిపోయినవి. ఎవరును కావలెనని చేసినది కాదు. ఎక్కించినది చురుకైన యువకుడే. కాని రెండు సంఖ్యలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినవారు లేరు.

చిఠ్ఠా, ఆవర్జా

టెక్స్టు ఫైలు అనగా అలంకారము లేమియు లేని వట్టి అక్షరముల ఫైలు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క యిల్లు. వరుసలో ఇంటి నంబరు, యజమాని పేరు, వీధి, పన్ను, తేదీ క్రమముగా నుండును. ఒకదానికి ఒకదానికి మధ్య కామాయో, ట్యాబు అను ఎడమో ఉండును. మన వర్తకులు ఏనాటి లావాదేవీని ఆనాడు వ్రాసికొను చిఠ్ఠాకు ఇది సాటియైనది. డేటాబేసు ఆవర్జా వంటిది. దానిలో గడులు ముందే గీయబడి యుండును. ఈ గడిలో అంకెయే రావలెను, ఈ గడిలో తేదీయే రావలెను, ఈ గడిలో మాటలు రావచ్చును అను కట్టుబాటు కలదు. చిఠ్ఠానుండి ఆవర్జాకు పద్దులు ఎక్కించునపుడు గుమాస్తా చేయు పనినే ఇచ్చట యంత్రము చేయుచున్నది. దీనినే ఇంపోర్టు, అనగా దిగుమతి, అందురు.

గుమాస్తాకును యంత్రమునకును ఒక భేదము కలదు. పద్దు తేడాగా నున్నచో గుమాస్తా కలము ఆపి, “అయ్యా, ఇదేమి?” అని యజమానిని అడుగును. యంత్రము కొన్నిచోట్ల అడుగును, కొన్నిచోట్ల తనకు తోచినట్లు ఊహించును, మరికొన్నిచోట్ల మాటాడక వదలివేయును. ఈ మూడవదానితోనే మనకు ప్రమాదము.

ఆ పంచాయతీలో తప్పిపోయిన 23 ఇండ్లలో 15 ఇండ్ల సంగతి యంత్రము దాచలేదు. శివారు పల్లెలో ఇంటి నంబర్లు ప్రధాన గ్రామములోవలెనే 2-1, 2-2 అని మొదలైనవి. రెండు చోట్లను 2-7 అను ఇల్లు కలదు. డేటాబేసులో ఇంటి నంబరును ‘ప్రైమరీ కీ’గా నిర్ణయించిరి. అనగా ఒకే నంబరు రెండుసార్లు రాగూడదని కట్టడి. మొదట వచ్చిన 2-7 పట్టికలో చేరినది. తరువాత వచ్చిన 2-7 చేరలేదు. ఆ వృద్ధురాలి యిల్లు తరువాత వచ్చినది. 15 వరుసలు ఈ కారణముచేత చేరుటలేదు, అయినను ముందుకు పోవుదునా అని యాక్సెస్ ఒక చిన్న కిటికీలో అడిగియుండును. అవునను మీటను నొక్కియుందురు. పని తొందరలో అట్టి కిటికీలను చదువక నొక్కుట మనందరికిని అలవాటే.

మిగిలిన 8 ఇండ్ల కథ వేరు. ఆ యిండ్లకు స్థలపు కొలతలు వ్రాసినవారు అంగుళములకు గుర్తుగా పైన రెండు గీతలు పెట్టిరి. ఇరువదియైదు అడుగుల ఆరు అంగుళములను కాగితముమీద అట్లు వ్రాయుట మేస్త్రీలకును, మనకును వాడుకయే. కాని టెక్స్టు ఫైలు చదువు యంత్రమునకు ఆ రెండు గీతలు అంగుళములు కావు, కొటేషను గుర్తు. అచ్చటినుండి ఒక మాట మొదలైనదనియు, మరల అట్టి గుర్తు వచ్చువరకు మధ్యనున్న కామాలు గూడ ఆ మాటలోనివేననియు అది అనుకొనును. ముగింపు గుర్తు కనబడనపుడు ఆ వరుసను చదువజాలననును. కొన్ని ప్రోగ్రాములు తరువాతి వరుసను గూడ దానిలోనే కలిపివేయును. యాక్సెస్ మాత్రము ఆ వరుసలను ఒక ప్రత్యేక పట్టికలో నమోదు చేసినది.

ఆ ప్రత్యేక పట్టికను గూర్చి ప్రతి కార్యాలయములోను తెలిసియుండవలెను. దిగుమతిలో పొరపాట్లు జరిగినపుడు యాక్సెస్, దిగుమతి చేసిన ఫైలు పేరునకు ‘ఇంపోర్ట్ ఎర్రర్స్’ అను మాటలు చేర్చి ఒక పట్టికను తనంతట తానే తయారుచేయును. అందులో మూడు గడులుండును: పొరపాటు ఏమి, ఏ గడిలో, ఎన్నవ వరుసలో. వైద్యుడు వ్రాసి యిచ్చిన రోగనిర్ణయము వంటిది అది. చాలమంది దానిని అక్కరలేని వస్తువనుకొని తీసివేయుచున్నారు. పని పూర్తియైనదని తలచుటకు ముందు ఆ పట్టిక ఉన్నదా యని చూడవలెను. ఉన్నచో ఆ వరుస సంఖ్యలను పట్టుకొని అసలు ఫైలులో ఆయా వరుసలను వెదకవలెను. కాని తలుపు కడనే ఆపివేయబడిన ఆ 15 ఇండ్ల వంటివి కిటికీలోని సంఖ్యగా కనబడి మాయమగును గనుక, ఆ కిటికీలోని మాటను అప్పుడే కాగితముమీద వ్రాసికొనుట మేలు.

తెలుగు అక్షరములు చెడిపోవుట

మన ప్రాంతములో టెక్స్టు ఫైళ్ళతో మొట్టమొదట కలుగు చిక్కు ఇంటి నంబరుది కాదు, తెలుగు పేర్లది. ఫైలులో చక్కగా కనబడిన పేరు పట్టికలోనికి రాగానే పిచ్చిగీతలగును. దీనికి కారణము తెలిసికొన్నచో చికిత్స సులభము.

కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా దాచుకొనును. ప్రపంచములోని లిపులన్నిటికిని ఉమ్మడిగా సంఖ్యలు కేటాయించు ఏర్పాటునకు యూనికోడు అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ సంఖ్యలను ఫైలులో వ్రాయుటకు నేడు సర్వత్ర వాడుకలోనున్న పద్ధతి యుటిఎఫ్-8. ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అక్షరసంకేతము మూడు బైట్ల చోటు తీసికొనును. డేటాబేసు ఆ సంగతి ఎరుగక పాత పాశ్చాత్య పద్ధతిలో చదివినచో, ఒక తెలుగు సంకేతమునకు మారుగా మూడు గుర్తులు కనబడును. అందు మొదటిది తలపై వాలుగీతగల రోమను అక్షరము. పెక్కుచోట్ల దాని ప్రక్కన జ్వరపు డిగ్రీలకు వ్రాయు చిన్న సున్న. ఈ జంట మరల మరల కనబడుచున్నచో సంతోషింపవలెను. అక్షరము లేవియు పోలేదు, చదువుటలోనే తప్పు. చెడిన పట్టికను తొలగించి మరల దిగుమతి చేయునపుడు, ‘అడ్వాన్స్‌డ్’ అను మీటను నొక్కి, ‘కోడ్ పేజ్’ అను చోట యుటిఎఫ్-8ను ఎన్నుకొన్నచో పేర్లు యథాప్రకారముగా వచ్చును.

పిచ్చిగీతలకు మారుగా ప్రశ్నార్థకములు వరుసగా కనబడినచో సంగతి వేరు. ఎవరో ఆ ఫైలును మధ్యలో పాత పద్ధతిలో భద్రపరచియుందురు. ఆ పద్ధతిలో తెలుగునకు చోటు లేదు గనుక ప్రతి యక్షరము చోటను ప్రశ్నార్థకము పడినది. ఆ ఫైలులో తెలుగు ఇక లేదు. ఎన్ని విధముల దిగుమతి చేసినను రాదు. మూలప్రతికే పోవలెను.

మూడవ విధము అచ్చుకూటములనుండి వచ్చు ఫైళ్ళది. యూనికోడు వ్యాపింపకమునుపు అను ఫాంట్ల వంటివానితో కూర్చిన జాబితాలు ఇప్పటికిని కొన్నిచోట్ల కలవు. అందు తెలుగు రూపము ఫాంటులో మాత్రమే యుండును. లోపల ఉన్నవి రోమను అక్షరములు, గుర్తులును. వట్టి టెక్స్టుగా మార్చగానే ముసుగు తొలగిపోవును. వానిని యూనికోడుకు మార్చు ప్రోగ్రాములు కలవు. మార్చిన పిమ్మట ఒత్తులు, గుణింతములు సరిగా వచ్చినవో లేదో తెలుగు చదువనేర్చిన మనిషి ఒకసారి చూచితీరవలెను.

పేర్లు చక్కగా కనబడిన తరువాత గూడ ఒక చిన్న మాయ మిగిలియుండును. నర్సీపట్నం, నర్సీపట్నము, నరసీపట్నం అని ముగ్గురు మూడు విధముల వ్రాసినచో మనకు ఒకటే ఊరు. యంత్రమునకు మూడు ఊళ్ళు. పాత ఫైళ్ళలో విశాఖపట్నం జిల్లా అనియు, 2022 ఏప్రిల్ 4వ తేదీ తరువాతి వానిలో అనకాపల్లి జిల్లా అనియు ఉండును. రెండును ఆయా కాలములకు సరియైనవే, కాని రెండు జాబితాలను కలుపునపుడు సగము ఊరు ఒక జిల్లాలో, సగము వేరొక జిల్లాలో పడును. ఇట్టివి దిగుమతికి ముందే ఒక త్రోవకు తేవలెను.

అంకెల వేషములు

మనకు అంకెలుగా కనబడునవన్నియు అంకెలు కావు. కూడుటకో, తీసివేయుటకో పనికివచ్చునదే అంకె. ఇంటి నంబరును, ఫోను నంబరును, బ్యాంకు ఖాతా సంఖ్యను ఎవరును కూడరు. అవి పేర్ల వంటివి. యంత్రమునకు ఈ వివేకము లేదు. అది మొదటి కొన్ని వరుసలను చూచి, ఈ గడిలో అంకెలున్నవి గాన ఇది అంకెల గడియే యని నిశ్చయించుకొనును. మొదటి వీధిలో ఇండ్లు 1, 2, 3 అని యుండి, తరువాత ఎచ్చటనో 3/ఎ అని వచ్చినపుడు ఆ గడి ఖాళీయగును. వరుస పోదు, వరుసలోని ఇంటి నంబరు పోవును. లెక్కకు 641 ఇండ్లును ఉన్నట్లే యుండును గనుక ఇది త్వరగా బయటపడదు.

ఫోను నంబర్లకు ఇంకొక ఆటంకము. యాక్సెస్‌లో ‘లాంగ్ ఇంటిజర్’ అను అంకెల గడిలో పట్టు గరిష్ఠసంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన మొబైలు నంబర్లు 6 మొదలు 9 వరకు గల అంకెలతో ప్రారంభమగును గనుక పది అంకెల నంబరు ఏదియైనను 600 కోట్లు దాటును. పావుకుంచములో బస్తా ధాన్యము పోసినట్లగును. ఖాతాసంఖ్యలకు ముందున్న సున్నలు అంకెల గడిలో రాలిపోవును. ఎక్సెలులో అంకెకు 15 స్థానములవరకే నిఖార్సైన లెక్క. అంతకు మించి పొడవైన ఖాతాసంఖ్య యొక్క చివరి అంకెలు సున్నలుగా మారును.

ఎక్సెలు మాట వచ్చినది గనుక చెప్పవలసినది మరియొకటి కలదు. టెక్స్టు ఫైలును డేటాబేసులో పెట్టుటకు ముందు, “ఎట్లున్నదో చూతము” అని దానిపై రెండుసార్లు మీటనొక్కి ఎక్సెలులో తెరచుట చాలమందికి అలవాటు. తెరచుటలో దోషము లేదనుకొందురు. కాని ఎక్సెలు 4-12 అను ఇంటి నంబరును చూచి, అది డిసెంబరు 4వ తేదీ యని తలచి మార్చివేయును. ఆ పిమ్మట భద్రపరచినచో ఫైలులోనే ఇల్లు పోయి తేదీ మిగులును. ఇది మన గ్రామములకే పరిమితమైన అవస్థ కాదు. మనుష్యశరీరములోని జన్యువులకు పేర్లు నిర్ణయించు అంతర్జాతీయ సంఘము 2020లో కొన్ని జన్యువుల పేర్లను మార్చవలసి వచ్చినది. అందు మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లను ఎక్సెలు మార్చి, సెప్టెంబరు మాసముల తేదీలుగా మార్చివేయుచుండెను. శాస్త్రజ్ఞులే పేరు మార్చుకొనిరి గాని యంత్రముతో వాదింపజాలకపోయిరి! మనము ఇంటి నంబర్లు మార్చుకొననక్కరలేదు. చూడదలచినపుడు ఫైలును నోట్‌ప్యాడులో తెరచుట చాలును. ఎక్సెలులోనే కావలెనన్నచో, ‘డేటా’ అను శీర్షికక్రింద టెక్స్టు ఫైలునుండి తెచ్చుకొను మార్గముద్వారా తెచ్చి, ఆ నిలువు గడిని టెక్స్టుగా నిర్ణయింపవలెను. ఉచితముగా లభించు లిబ్రే ఆఫీసులో ఫైలు తెరచునపుడే అక్షరపద్ధతిని, గడుల జాతిని అడుగు కిటికీ వచ్చును. అచ్చట ఒక నిమిషము ఆగి చదివినచో సగము చిక్కులు తీరును.

తేదీలలో ఇంతకన్న నిశ్శబ్దమైన పొరపాటు కలదు. మనకు 01-04 అనగా ఏప్రిల్ 1, ఆర్థికసంవత్సరపు మొదటిరోజు. అమెరికా పద్ధతిలో అది జనవరి 4. దిగుమతి కిటికీలో తేదీల వరుస రోజు, నెల, సంవత్సరము అని నిర్ణయింపనిచో, 12 లోపు రోజులు నెలలుగా తారుమారు కావచ్చును. పొరపాటుల పట్టికలో ఇది నమోదు కాదు, ఏలయనగా రెండును చెల్లు తేదీలే. ఏప్రిల్‌లో కట్టిన పన్ను జనవరిలో కట్టినట్లు, అనగా వెనుకటి ఆర్థికసంవత్సరమునకు చెందినట్లు కనబడును. పన్ను కట్టినవాని ఇంటికే బకాయి నోటీసు పోవును.

కామాల సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. కామాతో విడదీసిన ఫైలులో “రామాలయము వీధి, చెరువుగట్టు” అని చిరునామా వ్రాసినచో అది రెండు గడులకు ప్రాకి, తరువాతి గడులన్నియు ఒక అడుగు ప్రక్కకు జరుగును. 1,250 రూపాయలు ఒక రూపాయిగాను, 250గాను చీలును. చిరునామాలు గల ఫైళ్ళకు కామాకు బదులు ట్యాబును వాడుట సుఖము.

ఇంగ్లండులో జరిగినది

ఇట్టి పొరపాటులు పన్నుల లెక్కలకే వచ్చిన తరువాతనైనను దిద్దుకొనవచ్చును. 2020 శరత్కాలమున ఇంగ్లండులో జరిగినది అట్లు దిద్దుకొన వీలులేనిది. కోవిడు పరీక్షల ఫలితములను ప్రయోగశాలలు టెక్స్టు ఫైళ్ళుగా పంపుచుండగా, అక్కడి ప్రజారోగ్యసంస్థ వానిని ఎక్సెలు పాతరకపు పట్టికలలోనికి ఎక్కించి పై వ్యవస్థకు పంపుచుండెను. ఆ పాతరకపు పట్టికలో 65,536 వరుసలకు మించి పట్టవు. ఫలితములు అంతకు మించినవి. మించినవి పట్టికలో చేరలేదు. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు వ్యాధి సోకినట్లు తేలినవారిలో 15,841 మంది రోజువారీ లెక్కలలో చేరలేదు. వారి పేర్లు సకాలములో అందనందున వారితో మెలగినవారిని హెచ్చరించుట ఆలస్యమైనది. ఫలితము తెలిసినది, ఫైలులో వ్రాయబడినది, కాని ఒక పట్టికనుండి మరియొక పట్టికకు పోవు దారిలో నిలిచిపోయినది. అంత పెద్ద దేశములో, అంత కీలకమైన కాలములో, వెళ్ళిన వరుసలెన్ని, చేరిన వరుసలెన్ని అని ఆనాడే సరిచూచినచో మొదటి దినముననే బయటపడియుండెడిది.

కళ్ళము, గాదె

రైతు పంటను పొలమునుండి తిన్నగా గాదెలో పోయడు. ముందు కళ్ళమునకు తెచ్చి, తూర్పారబట్టి, కొలిచి, ఆపై గాదెకు చేర్చును. జాబితాలకు గూడ ఇదియే యుక్తము. టెక్స్టు ఫైలులోని గడులన్నిటిని, ఏ భేదమును లేక, వట్టి మాటలుగా ఒక తాత్కాలికపు పట్టికలోనికి ముందు తేవలెను. అందు ప్రైమరీ కీ పెట్టగూడదు, అంకెల గడులుండగూడదు. అట్లు తెచ్చినపుడు నిరాకరింపబడు వరుసలు బహుస్వల్పము. పిమ్మట ఆ తాత్కాలికపు పట్టికలో ఒకే నంబరు గల ఇండ్లెవ్వి, పన్ను గడిలో అంకె కానివి ఎవ్వి, తేదీ లేనివి ఎవ్వి అని వెదకి, దిద్ది, అసలు పట్టికకు పంపవలెను. సాధారణపు మాటల గడిలో 255 అక్షరములకు మించి పట్టవు గనుక, పొడవైన వివరములున్నచో ‘లాంగ్ టెక్స్ట్’ అను గడిని వాడవలెను.

ఆ గొలుగొండ దారిలోని పంచాయతీలో ఇట్లే చేసిరి. ప్రధాన గ్రామపు ఇండ్లకు ఒక గుర్తును, శివారు పల్లె ఇండ్లకు ఒక గుర్తును ప్రత్యేకపు గడిలో చేర్చి, ఆ గుర్తును ఇంటి నంబరును కలిపి ప్రైమరీ కీగా నిర్ణయించిరి. అంగుళముల గీతలను తీసివేసి, ‘అం.’ అని వ్రాసిరి. మరల దిగుమతి చేసినపుడు 641 వరుసలును వచ్చినవి. కార్యదర్శి అంతటితో తృప్తిపడలేదు. ఫైలులోని పన్ను మొత్తమును, పట్టికలోని పన్ను మొత్తమును రూపాయితో సరిచూచెను. వెనుకటి కరణములు నకలు పూర్తికాగానే అడుగున మొత్తము వేసి, అసలుతో పోల్చిన తరువాతనే సంతకము చేయు పద్ధతి ఇది. 1984లో కరణీకములు రద్దైనవి గాని, ఆ పద్ధతి రద్దు కానక్కరలేదు. తరువాత మొదటి వీధినుండి ఒకటి, నడుమ రెండు, చివరి వీధినుండి ఒకటి, శివారునుండి ఒకటిగా ఐదు ఇండ్లను ఎన్నుకొని, పాత పుస్తకములోని పేరును, పన్నును వ్రేలుపెట్టి చూచెను.

సభ్యులలో అందరికిని కంప్యూటరు నడుపుట రాకపోవచ్చును. అందులో చిన్నతనము లేదు. సమావేశములో క్రొత్త జాబితా ఎదుట పెట్టినపుడు, ఫైలులో ఎన్ని వరుసలున్నవి, పట్టికలో ఎన్ని చేరినవి, రెండు మొత్తములును సరిపోయినవా, పొరపాటుల పట్టికలో ఏమున్నది అని అడుగుటకు అక్షరజ్ఞానము గూడ అవసరము లేదు. పల్లెనుండి ఎన్నికైన సభ్యురాలు, “మా వాడలో ముప్ఫై గడపలున్నవి, మీ కాగితములో ఎన్ని?” అని అడిగినచో ఆ ప్రశ్నయే చాలును. శివారు పల్లెలు, క్రొత్త కాలనీలు జాబితా చివరనుండును. తప్పిపోవునవి తరచుగా వారి యిండ్లే యగుట గమనింపదగినది.

ఆధారు సంఖ్యలను గూర్చి ఒక మాట. ఇంటిపన్ను వసూలునకై కార్యాలయములో చేసికొను చిన్న పట్టికలలో ప్రజల ఆధారు సంఖ్యలను, ఖాతాసంఖ్యలను అవసరము లేకయే చేర్చుట మంచిది కాదు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టమును చేసినది. దిగుమతి చేయునపుడు ఏ గడి అక్కరలేదో దానిని వదలివేయు వీలు ఆ కిటికీలోనే కలదు.

అసలు టెక్స్టు ఫైలును ఎన్నడును దిద్దగూడదు. దానికి తేదీతో పేరు పెట్టి, ఒక ప్రతిని వేరుగా దాచి, దిద్దుబాట్లన్నియు నకలులోనే చేయవలెను. ఒకసారి సరిగా కుదిరిన దిగుమతి నిర్ణయములను, అనగా అక్షరపద్ధతి, తేదీల వరుస, గడుల జాతులు మున్నగువానిని, ‘అడ్వాన్స్‌డ్’ కిటికీలో ‘సేవ్ యాజ్’ అను మీటతో భద్రపరచుకొనవచ్చును. మరుసటి సంవత్సరము ఉద్యోగి మారినను, ఆ నిర్ణయములు కంప్యూటరులో నిలిచియుండును.

ఆ వృద్ధురాలికి ఆనాడు మధ్యాహ్నము రసీదు ఇచ్చిరి. ఇంటి నంబరు ముందు శివారు గుర్తు క్రొత్తగా చేరినది గనుక, పాత రసీదులోని నంబరును గూడ ప్రక్కన వ్రాసి యిమ్మని ఆమె పట్టుబట్టినది. కార్యదర్శి అట్లే వ్రాసి ముద్ర వేసెను. మిగిలిన 22 ఇండ్లవారికి డిమాండు నోటీసులు సాయంకాలము అచ్చువేసి, సిబ్బందిచేత ఇంటింటికి పంపిరి. కార్యాలయపు బీరువా తలుపుమీద ఒక కాగితము అంటించి, తేదీ వేసి, ‘ఫైలు 641, పట్టిక 641’ అని వ్రాసి, క్రింద తరువాతి సంవత్సరములకు ఖాళీ గీతలు గీచియుంచిరి.